రూగర్ 10/22: పది తూటాల రోటరీయా, బీఎక్స్-25 పొడుగుదా?

రూగర్ 10/22 అనే .22 రైఫిల్‌లో తూటా ఛాంబర్‌లోకి (పేలే ముందు తూటా కూర్చునే చోటు) సరిగా ఎక్కకపోతే చాలామంది ముందు బోల్ట్‌నే (తూటాను ముందుకు నెట్టే భాగం) అనుమానిస్తారు. మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) తీసి, ఛాంబర్ ఖాళీ అని కళ్లారా చూశాకే ఏదైనా. మ్యాగజైన్లకు నంబర్లు వేసుకోండి: ఒక్క నంబరుకే ఇబ్బంది వస్తే తప్పు దానిదే, అన్నిటికీ వస్తే ఛాంబర్‌లో మసి చూడండి.

.22 తూటాకు అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. రోటరీలో, అంటే లోపల తిరిగే చక్రం ఉన్న పది తూటాల మ్యాగజైన్‌లో, ప్రతి తూటాకూ సొంత గాడి, అంచులు తగులుకోవు. కాకపోతే విప్పి శుభ్రం చేశాక స్ప్రింగ్‌ను చాలినంత తిప్పకపోతే చివరి తూటాలు పైకి రావు. బీఎక్స్-25 అనే ఇరవై ఐదు తూటాల పొడుగు మ్యాగజైన్‌లో తూటాలు ఒకదానిపై ఒకటి. పై తూటా అంచు కిందిదాని అంచుకు వెనక పడిందా, పట్టేస్తుంది. తీరిగ్గా, ఒక్కొక్కటే నింపాలి. గురి సాధనకు రోటరీయే మేలు.