బ్యాంకాక్‌లో మకాం, రోజుకో ఊరు

బ్యాంకాక్ వెళ్తున్నామంటే తెలిసినవాళ్లంతా ఒకే ప్లాన్ చెప్పారు. రెండు రోజులు పటాయా, అందులో ఒక పూట కోరల్ ఐలాండ్, ఒక రోజు సఫారీ వరల్డ్, ఆఖరి రోజు ఇంద్ర మార్కెట్‌లో షాపింగ్. హైదరాబాద్ నుంచి వెళ్లే ప్యాకేజీలన్నీ దాదాపు ఇదే అచ్చు. మేం వెళ్లింది నేను, మా ఆవిడ, 68 ఏళ్ల మా అమ్మ. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పైగా గుడ్డు కూడా ముట్టని శాకాహారం. కాబట్టి పటాయా ఊసెత్తకుండా బ్యాంకాక్‌లోనే మకాం పెట్టి, పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే ఊళ్లు చూద్దామనుకున్నాం. జనవరిలో ఎనిమిది రోజులు. ఎండ మన సంక్రాంతి నాటి ఎండ కంటే ఎక్కువే, కానీ తట్టుకోగలిగాం.

ముందు మకాం గురించి. మొదటి నాలుగు రాత్రులు సుఖుంవిత్ రోడ్డులో నానా వైపు ఉన్నాం. అక్కడ అడుగడుగునా ఇండియన్ హోటళ్లే, సాంబారు దొరుకుతుంది, అమ్మకు ధైర్యం. కానీ రాత్రి ఒంటిగంట దాకా మ్యూజిక్ మోత. పెద్దవాళ్లతో ఆ సందుల్లో నడవడం కూడా ఇబ్బందే. తర్వాత హువా లంఫోంగ్ స్టేషన్ దగ్గర ఒక చిన్న హోటల్‌కి మారాం. గది ఇరుకు, లిఫ్టులో ముగ్గురం సూట్‌కేసులతో పట్టలేదు. అద్దె మాత్రం సగం. రోడ్డు దాటితే రైల్వే స్టేషన్, దాని కిందే మెట్రో. రైళ్లలో తిరిగే ఆలోచన ఉన్నవాళ్లు మొదటి రోజు నుంచే ఇటు దిగడం మేలు. ఇండియన్ భోజనం కావాలంటే పహురత్, అంటే అక్కడి లిటిల్ ఇండియా, ఇక్కడి నుంచి దగ్గరే.

మేం చేసిన తప్పు మొదటి రోజే చేశాం. హోటల్ పక్కన ఒక ఏజెంటు దగ్గర 'ఒక్క రోజులో తేలే మార్కెట్, రైలు మార్కెట్, అయుత్తయ' అనే వ్యాన్ టూర్ కొన్నాం. తేలే మార్కెట్ అంటే కాలువలో పడవల మీద జరిగే సంత, రైలు మార్కెట్ అంటే రైలు పట్టాలను ఆనుకుని పెట్టే సంత, అయుత్తయ ఒకప్పటి రాజధాని. ఏడింటికి రమ్మని, మిగతా హోటళ్లన్నీ తిప్పి ఎనిమిదిన్నరకు ఊరు దాటించారు. డామ్నోన్ సదువక్ తేలే మార్కెట్ దగ్గర పడవ ఖర్చు టికెట్టులో లేదన్నారు. మనిషికి వెయ్యి బాట్లు అడిగారు. మేం వెళ్లినప్పుడు బాట్ అంటే సుమారు రెండున్నర రూపాయలు. బేరమాడితే నాలుగొందలకు దిగారు, అప్పుడే అర్థమైంది అసలు ధర ఇంకా తక్కువని. కాలువ నిండా టూరిస్టు పడవలే, ఒకదానికొకటి రాసుకుంటూ ట్రాఫిక్ జామ్. ఒడ్డు మీద కీచెయిన్లు, ఏనుగు బొమ్మల ప్యాంట్లు. ఆ కాలువ 1860లలో రాజు మోంగ్‌కుట్ కాలంలో తవ్వించినది, చుట్టూ కొబ్బరి తోటలు, చూడ్డానికి బాగుంటుంది. చూడనిస్తే కదా. మధ్యలో ఒక షాపులో నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. అయుత్తయ చేరేసరికి సాయంత్రం నాలుగు. ఒక గుడి, పది ఫొటోలు, పదండి. అమ్మ వ్యాన్‌లో కూర్చుని "ఇంత దూరం తీసుకొచ్చి గోడలు చూపించి తీసుకుపోతున్నారేంట్రా" అంది.

అందుకే మూడో రోజు మళ్లీ అయుత్తయకే వెళ్లాం. ఈసారి రైల్లో.

ఇక్కడ ఒక చిక్కుంది, టెన్షన్ పడకుండా ముందే తెలుసుకోండి. హువా లంఫోంగ్ 1916 నాటి పాత స్టేషన్. 2023 జనవరి నుంచి దూరప్రాంతాల రైళ్లను బాంగ్ స్యూ దగ్గరి కొత్త స్టేషన్ క్రుంగ్ థెప్ అఫివత్‌కు మార్చారు. ఆర్డినరీ రైళ్లు ఇప్పటికీ పాత స్టేషన్ నుంచే బయల్దేరతాయి. టికెట్టు మీద ఏ స్టేషన్ ఉందో చూసుకోకపోతే ఊరికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. మేం మూడో తరగతి టికెట్టు తీసుకున్నాం, మనిషికి ఇరవై బాట్లు. కిటికీలు పూర్తిగా తెరిచి ఉంటాయి, పైన ఫ్యాన్లు, రెండు గంటల లోపే ప్రయాణం. బుట్టల్లో తినుబండారాలు పెట్టుకుని ఆడవాళ్లు ఎక్కుతూ దిగుతూ ఉంటారు. మన ప్యాసింజర్ బండి గుర్తొచ్చింది, ఇది ఇంకాస్త శుభ్రం.

అయుత్తయ అంటే అయోధ్యే. 1350 ప్రాంతంలో నగరాన్ని కట్టిన రాజు పెట్టుకున్న బిరుదు రామాధిబోడి. ఇప్పటి బ్యాంకాక్ రాజవంశంలోనూ రాజులను మొదటి రాముడు, రెండో రాముడు అంటూ లెక్కపెడతారు. అమ్మకు ఈ సంగతి చెబితే రైలు దిగేదాకా ఆ ఊరి మీద గౌరవం పెరుగుతూనే ఉంది. చావో ఫ్రాయా, లోప్‌బురి, పా సక్, మూడు నదుల మధ్య దీవిలాంటి ఊరు. నాలుగు వందల ఏళ్లకు పైగా రాజధాని. 1767లో బర్మా సైన్యం తగలబెట్టింది. స్టేషన్ బయట కప్ప మూతి లాంటి ముక్కున్న టుక్‌టుక్‌లు ఉంటాయి. నాలుగు గంటలకు 800 బాట్లకు మాట్లాడుకున్నాం. వయసులో ఉన్నవాళ్లకు అద్దె సైకిలు చాలు, ఊరంతా చదునే.

వాట్ మహాథాత్‌లో చెట్టు వేళ్లు చుట్టుకుపోయిన బుద్ధుడి తల అందరూ ఫొటోల్లో చూసే ఉంటారు. ఎదురుగా నిలబడితే ముందు కనిపించేది దాని పరిమాణం కాదు, అది ఉన్న ఎత్తు. దాదాపు నేలమట్టంగా ఉంటుంది. వేళ్లు బూడిదరంగులో, చెవుల పక్క నుంచి జడపాయల్లా దిగి, గడ్డం కింద కలిసిపోయాయి. కళ్లు సగం మూసి, పెదవి చివర కాస్త పైకి లేచినట్టుంటుంది. బుద్ధుడి తల కంటే మన తల ఎత్తులో ఉండకూడదని అక్కడ నియమం. ఫొటో కావాలంటే కింద కూర్చోవాలి. నిలబడినవాళ్లను కాపలాదారు చేత్తో సైగ చేసి కూర్చోబెడుతున్నాడు. అమ్మ మోకాళ్లు పట్టుకుని వంగబోతే, వద్దన్నట్టు చెయ్యి ఊపి, దూరంగా ఉన్న అరుగు చూపించాడు. ఆమె అక్కడి నుంచే దణ్ణం పెట్టుకుంది. చుట్టుపక్కల వరసగా కూర్చున్న విగ్రహాలకు చాలావాటికి తలల్లేవు. "హంపిలో కూడా ఇట్లాగే కదరా" అంది. ఇటుకల గోడలు, మధ్యలో పచ్చిక, అక్కడక్కడా మిగిలిన స్తంభాలు. హంపి చూసినవాళ్లకు ఈ ఊరు కొత్తగా అనిపించదు, కానీ గుండెకు తగులుతుంది.

వాట్ ఫ్రా సి సన్‌ఫెట్‌లోని మూడు చేదీలు, అంటే స్తూపాలు, మధ్యాహ్నం ఎండలో చూశాం. అది పొరపాటు, నీడ లేదు. సాయంత్రానికి నది ఒడ్డున వాట్ చైవత్తనారాం చేరాం. 1630లో కట్టిన గుడి అది. సంప్రదాయ పట్టుబట్టలు అద్దెకు తీసుకుని ఫొటోలు దిగే థాయ్ అమ్మాయిలతో కళకళలాడుతోంది. ఏనుగు సవారీ ఉంది, మేం ఎక్కలేదు, మీరూ ఎక్కకండి. రోడ్డు పక్కన రోటీ సాయి మాయి కొన్నాం. పల్చటి ఆకుపచ్చ రొట్టెలో పీచు మిఠాయి చుట్టుకుని తినడమే. పిల్లల తిండిలా ఉన్నా అమ్మకూ నచ్చింది.

రైలు మార్కెట్‌కి కూడా టూర్ అక్కర్లేదు. బ్యాంకాక్‌లోని వోంగ్‌వియన్ యాయ్ స్టేషన్ నుంచి మహాచాయ్‌కి రైలు, అక్కడ థా చిన్ నది దాటడానికి పడవ, అవతలి ఒడ్డున బాన్ లేమ్ నుంచి ఆ మార్కెట్ ఉన్న ఊరు మేక్లాంగ్‌కి ఇంకో రైలు. ఇలా వెళ్తే మార్కెట్ మధ్య నుంచి దూరే రైల్లో మీరే ఉంటారు. కాకపోతే రెండో రైలు రోజుకు నాలుగే సార్లు, ఒకటి తప్పితే గంటలకొద్దీ ఎదురుచూపు. మేం టూర్ రోజు పట్టాల పక్కన నిలబడి చూశాం, అదీ బాగుంది. కూత వినగానే దుకాణాల వాళ్లు గుడ్డ పందిళ్లు వెనక్కి మడిచేస్తారు, చక్రాల బల్లలు లోపలికి లాగేస్తారు. కానీ పట్టాలను ఆనుకుని నేల మీద పరిచిన మిరపకాయలు, కూరాకు తట్టలు కదల్చరు. రైలు వాటి మీదుగా పోతుంది. ఎంత ఎత్తు వరకు తగలదో వాళ్లకు వేళ్ల లెక్కలో తెలుసు. రైలు తోక దాటీదాటకముందే పందిళ్లు మళ్లీ దిగిపోతాయి. దగ్గర్లోని అంఫవా తేలే మార్కెట్ శుక్ర, శని, ఆదివారాల్లోనే, అదీ మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా. బ్యాంకాక్ వాళ్లే ఎక్కువగా వస్తారు కాబట్టి డామ్నోన్ సదువక్ కంటే నాకు ఇదే ఇష్టం. అక్కడ ఖనోమ్ క్రోక్ వేస్తుంటే అమ్మ ఆగిపోయింది. గుంటల పెనం, మూతలు, చెంచాతో తిప్పి తీయడం, అచ్చం మన గుంటపొంగనాలు. పిండిలో కొబ్బరిపాలు, తియ్యగా ఉంటాయి.

క్వాయ్ నది వంతెన ఉన్న కాంచనబురి మాత్రం ఒక రోజులో అయ్యే ఊరు కాదు. థోన్‌బురి స్టేషన్ నుంచి పొద్దున ఎనిమిది లోపే ఒక రైలు, విదేశీయులకు 100 బాట్లు. ఆ స్టేషన్ నదికి అవతల. అదే రైల్లో చివరి దాకా వెళ్లి వెనక్కి వస్తే క్వాయ్ వంతెన కిటికీలోంచి చూడ్డమే మిగులుతుంది. మేం ఒక రాత్రి నది మీద తెప్ప గదిలో ఉన్నాం. పొద్దున పొగమంచు, నీళ్ల చప్పుడు అద్భుతం. శనివారం రాత్రి మాత్రం డిస్కో తెప్పలు పాటలతో హోరెత్తిస్తూ మా ముందు నుంచే వెళ్లాయి. వారం మధ్యలో వెళ్లండి.

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం 1942, 43లలో బర్మాకు 415 కిలోమీటర్ల రైలు మార్గం వేయించింది ఈ ఊరి మీదుగానే, క్వాయ్ వంతెన ఆ దారిదే. 12 వేల మందికి పైగా యుద్ధఖైదీలు చనిపోయారు. ఊళ్లోని యుద్ధ శ్మశానంలో వాళ్లలో చాలామందికి వరసలు వరసలుగా ఫలకాలు, పేరు, వయసు, కింద ఇంటివాళ్లు రాయించిన ఒక మాట. 22, 24, 27. అంతకంటే ఎన్నో రెట్లు చనిపోయినవాళ్లు ఆసియా కూలీలు, దాదాపు 90 వేల మంది అని అంచనా. వాళ్లలో మలయా రబ్బరు తోటల నుంచి తీసుకొచ్చిన తమిళులు, తెలుగువాళ్లు ఉన్నారు. విశాఖ, గంజాం వైపు నుంచి ఓడలెక్కి మలయా పోయిన కుటుంబాల పిల్లలు. వాళ్లకు ఆ శ్మశానంలో ఫలకాలు లేవు. నేను గంటసేపు తిరిగాను, ఎందుకు వెతికానో చెప్పలేను, దొరకదని తెలిసే వెతికాను.

మర్నాడు అదే లైనులో థామ్ క్రసే కొయ్య వంతెన మీదుగా చివరి స్టేషన్ నామ్ తోక్ దాకా వెళ్లాం. వెళ్లేటప్పుడు ఎడమవైపు కూర్చోండి, నది అటే. కొండకు అతుక్కుని రైలు నత్తలా పోతుంటే బోగీలో అందరూ ఫోన్లు పట్టుకుని కేకలు. అమ్మ మాత్రం కిటికీ లోంచి కిందికి చూడలేదు.

భోజనం సంగతి. శాకాహారం అంటే చాలామందికి మాంసం ముక్కలు తీసేయడమే, చేపల నీళ్లు, అంటే నామ్ ప్లా, వేస్తారు. 'జే' అని అడగాలి, అంటే అక్కడి పూర్తి శాకాహారం. పసుపు జెండా మీద ఎర్ర అక్షరం కనబడితే నిశ్చింతగా తినొచ్చు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. చిన్న ఊళ్లలో ఆ జెండా కోసం తిరగడం కంటే పులిహోర కలుపుకుని డబ్బాలో తీసుకెళ్లడం సులువు. చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్ మమ్మల్ని కాపాడింది.

మువాంగ్ బోరాన్‌కి ఒక పూట వెళ్లాం. దేశం మ్యాపు ఆకారంలో ఉన్న తోటలో గుళ్ల నమూనాలు కట్టారు. బ్యాంకాక్ సిటీ రైలు బీటీఎస్ చివరి స్టేషన్ ఖేహా నుంచి దగ్గర. టికెట్టు ఖరీదే, కానీ గోల్ఫ్ బండి అద్దెకిస్తారు కాబట్టి పెద్దవాళ్లకు అయుత్తయ కంటే ఇదే సుఖం. నకళ్లే కదా అనుకుంటే వెళ్లకండి.

ఆఖరి రోజు నకోన్ పథోమ్. రైల్లో గంటన్నర లోపే. స్టేషన్ దిగగానే ఎదురుగా ఫ్రా పథోమ్ చేదీ, నారింజ రంగు గంట బోర్లించినట్టు, సుమారు 120 మీటర్ల ఎత్తు. విదేశీ టూరిస్టులు పెద్దగా కనిపించలేదు. చుట్టూ తిరిగి, నీడలో కూర్చుని, స్కూలు పిల్లలు పూలు పెట్టడం చూస్తూ రెండు గంటలు గడిపేశాం. ఈ మొత్తం ట్రిప్‌లో అమ్మ "ఇంకాసేపు ఉందాం" అన్న చోటు ఇదొక్కటే. బయట ఖావో లామ్ అమ్ముతారు. బంక బియ్యం, కొబ్బరిపాలు, నల్ల చిక్కుళ్లు వెదురు బొంగులో పోసి కాలుస్తారు. అరకులో బొంగు చికెన్ తిన్నవాళ్లకు పద్ధతి కొత్త కాదు. తిరుగు రైల్లో ఎదురు సీటావిడ మా తంటాలు చూసి, బొంగును సీటు అంచుకు కొట్టి, అరటిపండు తొక్కలా ఒలిచి ఇచ్చింది. లోపల అన్నానికి పల్చటి పొర, ముట్టుకుంటే వెదురు వాసన. ఇంటికని ఇంకో మూడు కొని సూట్‌కేసులో పెట్టాం. శంషాబాద్‌లో తెరిచేసరికి పులిసిపోయాయి.