పంపు పోయిందంటే మీటర్ పెట్టి చూపించమనండి

పోయిందని చెప్పి నాతో మార్పించిన ఫ్యూయెల్ పంపు అసలు పోనేలేదు. ఈ సంగతి నాకు ఇవాళే తెలిసింది.

ఫ్యూయెల్ ఇంజెక్షన్ బైకు; పంపు తోసిన పెట్రోలుని ఇంజెక్టర్ ఇంజన్‌లోకి చిమ్ముతుంది. పొద్దున సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. వర్క్‌షాప్‌కి తీసుకెళ్తే మెకానిక్ వోల్టులు కొలిచే మీటర్ పెట్టలేదు, బండి నమోదు చేసుకున్న లోపాల కోడ్‌లు చదివే స్కానర్ తగిలించలేదు. రెండుసార్లు సెల్ఫ్ కొట్టి "పంపు పోయిందన్నా, ఇంజెక్టర్ కూడా మార్చేద్దాం" అన్నాడు. ఆఫీసుకి టైమ్ అవుతోందని సరేనన్నాను. అక్కడే తప్పు చేశాను.

నాలుగు రోజులు బాగానే నడిచింది. ఐదో రోజు మళ్ళీ అదే.

వెళ్ళి అడిగితే "ఇంజెక్షన్ బండ్లు అంతే, ఇక ఈసీయూ చూడాలి" అన్నాడు. ఈసీయూ అంటే ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్. అయితే నా పాత పంపు ఇవ్వమన్నాను. తల కూడా ఎత్తలేదు. "దాంతో నీకేం పని? చూస్తే నీకేమన్నా అర్థమవుతుందా?" మొదటి రోజు అన్నా అని పిలిచిన మనిషే! పక్కన ఇంకో ముగ్గురు నిలబడి వింటున్నారు. నా బండిలోంచి తీసిన నా సామాను అడిగితే, పరాయి సొత్తు అడిగినట్టు మాట్లాడాడు. డబ్బు పోయినదానికన్నా ఆ మాటే ఇంకా గుచ్చుకుంటోంది.

ఇవాళ వేరే మెకానిక్ చూశాడు. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు ఉంది. పంపు తిరుగుతుండగా దాని కనెక్టర్ దగ్గర కొలిస్తే 9 కూడా రావడం లేదు. ఊడదీస్తే వైరింగ్ వైపు పిన్నుల నిండా చిలుము! పంపు మార్చేటప్పుడు కనెక్టర్ పీకి పెట్టిన రాపిడికి కాస్త చిలుము రాలి, ఆ నాలుగు రోజులు కరెంటు అందిందట. శుభ్రం చేసి బిగించాక ఒక్క నొక్కుకే స్టార్ట్ అయింది.

కీ ఆన్ చేయగానే పంపు రెండు మూడు సెకన్లు జుయ్‌మని తిరిగి ఆగాలి. అప్పుడే లైనులో ప్రెషర్ నిండుతుంది. స్టార్ట్ కాని రోజుల్లో ఆ శబ్దం నీరసంగా వచ్చేది. విని కూడా పట్టించుకోలేదు. అలా వస్తే పంపే పోయి ఉండొచ్చు, కరెంటు అందకపోయి ఉండొచ్చు. తేల్చాల్సింది మీటరే.

మీరు ముందు ఇంజన్ ఆపే కిల్ స్విచ్, ఫ్యూజు, బ్యాటరీ టెర్మినళ్ళు చూసుకోండి. చెక్ ఇంజన్ లైటు ఆరకపోతే స్కానర్‌తో కోడ్ చదివించండి. మార్చిన పాత సామాను చేతికిస్తేనే డబ్బులిస్తానని బండి అప్పగించేటప్పుడే చెప్పండి, తర్వాత కాదు.