కుట్టుమిషన్ డ్రాయరులో గ్లూకోమీటరు: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఈ గ్లూకోమీటరు కొని వచ్చే దసరాకి నాలుగేళ్లు. స్ట్రిప్ ఎటు పెట్టాలి, వేలికి ఎక్కడ గుచ్చాలి అన్నవి అందరికీ తెలిసినవే, అట్టపెట్టె మీద బొమ్మలూ ఉంటాయి. నేను రాయాలనుకున్నది దాని మెమరీ గురించి. తీసిన ప్రతి రీడింగునీ తేదీ, టైముతో సహా దాచుకుంటుంది. నాకు షుగర్ జబ్బు లేదు. నాకు షుగర్ పడిపోతుంది. పడిపోయి, కాస్త తీపి తిన్నాక సర్దుకుంటుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి చూపించడానికి ఏమీ మిగలదు. ఆ మిగలని దాన్ని పట్టి ఉంచింది ఈ మిషనే.

మాది విశాఖలో కంచరపాలెం. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. ఈ బాధ నాకు మొదట తెలిసింది సూది దగ్గరే. భోజనం చేసి మూడింటికి కుట్టుమిషన్ ముందు కూర్చుంటే సూదిలో దారం ఎక్కేది కాదు. కొస తడిపి, వేళ్లతో నలిపి సన్నగా చేసినా, బెజ్జం దాకా వెళ్లి చెయ్యి వణికి పక్కకి పోయేది. గుండె దడ, ఒళ్లంతా చెమట, కారణం లేని కోపం. ఆ చెమటే రెండేళ్లు నన్ను తప్పుదారి పట్టించింది. విశాఖ ఉక్కలో చెమట పట్టనిది ఎవరికి? పైగా పక్కనే ఇస్త్రీపెట్టె. మా ఆయన ఫ్యాను స్పీడు పెంచేవారు. మా ఆడపడుచు "కళ్లద్దాలు మార్చుకో వదినా" అంది. ఉక్కకి పట్టే చెమట ఫ్యాను కింద ఆరుతుంది. ఇది మెడ వెనక, నుదుటి మీద చల్లగా పట్టి, ఫ్యాను కింద కూర్చున్నా ఆగేది కాదు. ఆ తేడా తెలియడానికే నాకు అన్నాళ్లు పట్టింది.

గ్యాస్ అన్నారు, టెన్షన్ అన్నారు, వయసు మార్పు అన్నారు. రక్తపరీక్ష ప్రతిసారీ పొద్దున్నే పరగడుపున. 86, 90, 88. అన్నీ నార్మల్. నా బాధ మధ్యాహ్నం మూడింటికి, పరీక్ష పొద్దున్న ఏడింటికి. నార్మల్ అని రాసిన కాగితం పట్టుకుని వచ్చి ఒకరోజు ఏడ్చాను.

మీటరు తెచ్చింది మా చిన్నమ్మాయి, నర్సింగ్ చదువుతోంది. "అమ్మా, వణుకు వచ్చినప్పుడే గుచ్చుకో. తీపి తినేశాక గుచ్చుకుంటే ఏమీ దొరకదు" అని చెప్పి వెళ్లింది. మొదటి వారంలో 61 వచ్చింది. తర్వాత ఒకసారి 54. నెల తిరిగేసరికి తొమ్మిది తక్కువ రీడింగులు, అందులో ఏడు మధ్యాహ్నం రెండున్నరకీ మూడున్నరకీ మధ్యే. ఎండోక్రైనాలజిస్ట్, అంటే హార్మోన్ల డాక్టరు, మీటరు చేతిలోకి తీసుకుని, బాణం గుర్తు నొక్కుతూ ఒక్కొక్కటే వెనక్కి చూశారు. నేను నోరు తెరవకముందే "మీరు పన్నెండున్నర, ఒంటిగంటకి తింటారు కదూ?" అని అడిగారు. రెండేళ్లలో నా మాట నమ్మిన మొదటి మనిషి ఆయన. అందుకే ఈ మెమరీ అంటే నాకంత అభిమానం.

అయితే ఆ అంకెలతోనే ఆయన తేల్చేయలేదు. షుగర్ జబ్బు లేనివాళ్లకి ఇది నిజంగా లో షుగరే అనాలంటే మూడూ కలవాలట: లక్షణాలు ఉండాలి, సరిగ్గా అప్పుడే రక్తంలో షుగర్ తక్కువుండాలి, తీపి అందగానే ఆ లక్షణాలు పోవాలి. విప్పుల్ (Whipple) అనే అమెరికా సర్జన్ 1930లలో పెట్టిన లెక్క ఇది. ఇంటి మీటరు వంద లోపు అంకెల్లో పదిహేను అటూ ఇటూ చూపించినా ప్రమాణాల ప్రకారం పాసయినట్టే. అంటే నా 54 అసలు 40 అయినా కావొచ్చు, 68 అయినా కావొచ్చు. అందుకని నరంలోంచి తీసిన రక్తంతో పరీక్ష పెట్టారు. పరగడుపున వెళ్లాలి, వాళ్లిచ్చిన టిఫిన్ తినాలి, ఆ తర్వాత అయిదు గంటలపాటు అరగంటకోసారి రక్తం తీస్తారు. చేతికి ముందే సూది గొట్టం పెట్టి ఉంచుతారు కాబట్టి ప్రతిసారీ గుచ్చరు. రక్తం తీసిన గొట్టాలకి బూడిదరంగు మూత. అందులో ఫ్లోరైడ్ ఉంటుందనీ, అది లేకపోతే గొట్టంలోని రక్తకణాలే షుగర్ తినేసి అంకె దానంతట అదే తగ్గిపోతుందనీ ల్యాబ్ అబ్బాయి చెప్పాడు.

మూడున్నర గంటలకి ఆ చల్లని చెమట వచ్చింది. నర్సమ్మ "ఒక్క నిమిషం ఓర్చుకోండమ్మా" అని ముందు రక్తం తీసి, తర్వాతే గ్లూకోజ్ నీళ్లిచ్చింది. ఆ ఒక్క నిమిషం కోసమే ఆ రోజంతా. ల్యాబ్‌లో 51 వచ్చింది. అదే క్షణంలో నా మీటరు 59 అంది. షుగర్ జబ్బు లేనివాళ్లకి 55 కన్నా తక్కువైతే లెక్కలోకి తీసుకుంటారట. అంటే ఆ రోజు నా మీటరు మాటే వింటే నాకేమీ లేనట్టే. తిన్నాక ఇన్సులిన్ ఆలస్యంగా వచ్చి, వచ్చాక అవసరానికి మించి వస్తోందని తేలింది. మాత్రలేమీ రాయలేదు. అన్నం సగం చేసి పప్పు, గుడ్డు, కూర పెంచమన్నారు. భోజనాల మధ్యలో ఏదో ఒకటి తినమన్నారు. తీపిని ఖాళీ కడుపున ఒంటిగా తినొద్దన్నారు.

ఇంత మెచ్చుకున్నాను కాబట్టి మిగతాది కూడా చెప్పాలి.

పోయిన మే నెల. సువర్ణరేఖ మామిడిపళ్లు బాగా వస్తున్న రోజులు. ఆ మధ్యాహ్నం డాక్టరు గారి మాట మరిచి పెరుగన్నంలో పెద్ద పండు కలుపుకు తిన్నాను. మూడు కావస్తుంటే, సాయంత్రం పిల్లలొస్తారని ఇంకో నాలుగు పళ్లు కోసి రసం పిండుతున్నాను. చెయ్యి వణికింది. పక్కనున్న దూదికి స్పిరిట్ రాసి వేలు తుడుచుకుని గుచ్చుకున్నాను. 168. పండు ఎక్కువై షుగర్ పెరిగిందనుకున్నాను. డ్రాయరులోంచి తీసిన గ్లూకోజ్ ప్యాకెట్టు మళ్లీ లోపల పెట్టేశాను. ఇప్పుడు రాస్తుంటే కూడా ఆ ప్యాకెట్టు దగ్గరే చెయ్యి ఆగిపోతోంది.

ఆ తర్వాతది ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. బ్లౌజు కోసం వచ్చిన పక్కింటి అక్క గుమ్మంలోంచి "ఏటమ్మా, పిలిస్తే పలకవేటి?" అంటోంది. జవాబు మనసులో ఉంది, నోట్లోంచి రావడం లేదు. వాళ్లాయనకి షుగర్, ఆమెకి గుచ్చడం అలవాటే. చేతులు జిగటగా ఉన్నాయని ముందు సబ్బుతో కడిగి, తుడిచి, గుచ్చింది. 47. మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించింది. పావుగంటకి 82.

రాత్రి మా అమ్మాయి ఫోన్లో చెప్పింది. స్ట్రిప్ పీల్చే రక్తం ఆవగింజంత కూడా ఉండదు, వేలి మీది పండు రసం దాంట్లో కలిస్తే అంకె అమాంతం పెరిగిపోతుంది. స్పిరిట్ దూదితో ఒకసారి తుడిస్తే ఆ తీపి సరిగ్గా పోదు. సబ్బు, నీళ్లు, పొడిగుడ్డ ఉండాల్సిందే. మిషన్ది తప్పనను. కానీ ఆ 168 ఇప్పటికీ దాని మెమరీలో ఉంది. నా మిషన్లో ఒక్క రీడింగుని విడిగా చెరపడానికి వీల్లేదు. అది చూపించే పధ్నాలుగు రోజుల సగటులో అదీ కలిసిపోయింది.

రెండోది అంతకు ముందు ఏడాది జరిగింది. సెల్ మార్చాక గడియారం మళ్లీ పెట్టుకోవాలి. తేదీ సరిగ్గానే పెట్టాను, పగలూ రాత్రీ తిరగబడ్డాయి. మధ్యాహ్నం మూడు కాస్తా తెల్లవారుజామున మూడైంది. రెండు నెలల రీడింగులు అలాగే ఎక్కాయి. డాక్టరు గారు చూసి "నిద్రలో కూడా పడుతోందా?" అన్నారు, మొహం మారిపోయింది. కడుపు ఖాళీగా ఉన్న వేళ పడిపోవడం వేరే సంగతి. అలాంటప్పుడు క్లోమంలో ఇన్సులిన్ ఊరించే గడ్డ ఏమైనా ఉందేమోనని ఆసుపత్రిలో ఉంచి 72 గంటల దాకా ఉపవాసం పరీక్ష చేస్తారట. దాని గురించి ఆయన చెబుతుండగానే, టిఫిన్‌కి ముందు తీసిన రీడింగు రాత్రి ఎనిమిదింటిదని కనిపించింది. అప్పుడు బయటపడింది. ఏ మెమరీ వల్ల నన్ను నమ్మారో, ఆ మెమరీయే నన్ను ఆసుపత్రి మంచం దాకా తీసుకెళ్లబోయింది.

మరి కొనమంటానా? నా పరిస్థితికైతే చాలు. నెలకి రెండు మూడుసార్లు పడుతుంది, మందులు లేవు, ఒంటరిగా ఉండేది పగలు కొన్ని గంటలే. స్ట్రిప్ ఒక్కోటి ఇరవై రూపాయల దాకా పడుతుంది, నేను ఓర్చుకోగలను. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకీ, షుగర్ మాత్రలతో రాత్రుళ్లు పడిపోయేవాళ్లకీ మాత్రం ఇది చాలదేమో. వాళ్లకి చేతికి అంటించుకుని, షుగర్ పడిపోతుంటే మోగే సెన్సార్ గురించి డాక్టరునే అడగమంటాను. స్ట్రిప్స్ డబ్బా మూత మాత్రం ఎవరైనా వెంటనే బిగించాలి, మన సముద్రపు తేమకి అవి తొందరగా పాడవుతాయి.

ఇప్పుడు డ్రాయరులో మీటరు పక్కన కొలతల పుస్తకంలాంటిదే ఇంకోటి పెట్టాను. రీడింగు, ఏం తిన్నాను, చేతులు కడిగానా లేదా, మూడే గళ్లు. మే నెల పేజీలో 168ని కొట్టేసి, పక్కన "మామిడిపండు చెయ్యి" అని రాశాను. మీటరు వెనక సెల్ మూత లోపల సెల్ మార్చిన తేదీ, దాని కింద "మధ్యాహ్నమా, రాత్రా చూసుకో" అని ఉంది.