ట్రాష్-సీఎల్ఐ: నాలుగేళ్లు వాడాక

ట్రాష్-సీఎల్ఐ అంటే కమాండ్ కొట్టి తీసేసే ఫైళ్లను చెత్తబుట్టలోకి పంపే టూల్. పాలకొల్లులో మాది పెళ్లిళ్ల ఫొటో, వీడియో స్టూడియో. సిస్టమ్ ఉబుంటు లినక్స్. అక్కర్లేని క్లిప్పులు టెర్మినల్లోనే, అంటే కమాండ్లు టైప్ చేసే విండోలోనే తీసేస్తుంటాను. ఒక మాఘమాసం రద్దీలో, ఫైళ్లను బుట్టలో వేయకుండా నేరుగా తీసేసే ఆర్ఎం కమాండ్ కొడుతుంటే స్టార్ గుర్తుకు ముందు స్పేస్ పడిపోయింది. ఫోల్డర్లో ఉన్న తలంబ్రాల క్లిప్పులన్నీ పోయాయి. పెళ్లికూతురి నాన్నగారికి ఫోన్ చేసి ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తర్వాత కొన్నాళ్లు 'పాతవి' అనే ఫోల్డర్లోకి జరిపే స్క్రిప్టు ఒకటి రాసుకున్నాను. ఏ ఫైలు ఎక్కడిదో తెలిసేది కాదు. అదే పేరుతో ఇంకోటి వస్తే ముందుది పోయేది.

ట్రాష్-సీఎల్ఐ అలా కాదు, లినక్స్ డెస్క్‌టాప్‌ల చెత్తబుట్టకు ఉమ్మడి నియమాలైన ఫ్రీడెస్క్‌టాప్ ట్రాష్ స్పెసిఫికేషన్‌ ప్రకారం నడుస్తుంది. ఫైలు 'ఫైల్స్' ఫోల్డర్లోకి, దాని వివరం 'ఇన్ఫో' ఫోల్డర్లోకి వెళ్తాయి. ఆ వివరం తెరిచి చూస్తే మూడే లైన్లు: పైన హెడర్, దాని కింద ఫైలు ఉండే అసలు చోటు (పాత్), చివర తీసేసిన తేదీ-సమయం. తెలుగు పేరైతే పాత్‌లో 'అ' ఒక్కటే శాతం గుర్తులతో ఈ0, బీ0, 85 అని మూడు ముక్కలుగా ఉంటుంది. కంగారు పడక్కర్లేదు, వెనక్కి తెచ్చాక పేరు చక్కగా తెలుగులోనే ఉంటుంది.

నాకు బాగా నచ్చింది ఇంకోటి. మా షాపు కుర్రాడికి టెర్మినల్ రాదు. నేను దీని ట్రాష్-పుట్ కమాండ్‌తో తీసేసిన ఫైలు డెస్క్‌టాప్ చెత్తబుట్టలో వాడికి కనిపిస్తుంది, రిస్టోర్ నొక్కితే పాత చోటికే వెళ్తుంది. వాడు మౌస్‌తో తీసేసింది నా ట్రాష్-లిస్ట్‌లో ఉంటుంది. ఇద్దరికీ ఒకటే బుట్ట. డిలీట్ చేసే టూల్ ఎవరు రాసినా ఇలాగే రాయాలి.

బయటి హార్డ్‌డిస్కులో తీసేస్తే ఆ డిస్కులోనే 'డాట్ ట్రాష్-1000' ఫోల్డర్లోకి పోతుంది. 80 జీబీ ఫైలైనా క్షణం పట్టదు. సిస్టమ్‌లోని హోమ్ ఫోల్డర్లోకి కాపీ చేసే పద్ధతైతే మధ్యలో కరెంటు పోతుందేమోనని ఒకటే టెన్షన్.

ఆర్ఎం అని కొడితే ఇదే నడిచేలా అలియాస్ మాత్రం పెట్టుకోలేదు. ఆ అలవాటుతో వేరే సిస్టమ్ ముందు కూర్చుంటే మళ్లీ కొంప మునుగుతుంది.

పెన్‌డ్రైవ్‌తోనే జాగ్రత్త. ఒక పార్టీకి ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో వేరేవాళ్ల ఫొటోలు ఆ ట్రాష్ ఫోల్డర్లో ఉండిపోయాయి. విండోస్‌కి ఈ పద్ధతి తెలీదు, మామూలు ఫోల్డర్లాగే చూపించేసింది. ఇప్పుడు పెన్‌డ్రైవ్ చేతికిచ్చే ముందు దాని బుట్ట ఖాళీ చేస్తాను. మిగతావాటికి ఆదివారం ఆదివారం ట్రాష్-ఎంప్టీ 30 కొడతాను, నెల దాటినవే పోతాయి.