నవలిక చదవడానికి ఏది మేలు: మార్జినా, నోట్‌బుక్కా, మూసిన పుస్తకమా?

సిలబస్‌లో నవలిక ఉందనగానే చాలామంది ముందు హైలైటర్ మూత తీస్తారు. నేనూ అంతే. పది పేజీలు దాటేసరికి పుస్తకమంతా పసుపుపచ్చ. ఏది ముఖ్యమో తేల్చుకుందామని గీసిన గీతలు అన్నీ ముఖ్యమేనని చెప్పి ఊరుకునేవి. అందుకే గీతల్ని ఈ పోటీలోకి రానివ్వడం లేదు.

జార్జ్ ఆర్వెల్ 'యానిమల్ ఫామ్' (1945) తీసుకుందాం. మనుషుల్ని తరిమేసి జంతువులే పొలాన్ని నడుపుకునే కథ ఇది; గోడ మీద రాసుకున్న ఆజ్ఞల్ని పందులు గుట్టుగా మార్చేస్తుంటాయి. ఉన్నవి పదే అధ్యాయాలు. ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది, చిక్కల్లా అక్కడే. కథ తెలిసిపోయిందిగా అని మళ్ళీ తెరవం.

ముందు మార్జిన్. ఆరో అధ్యాయంలో పందులు మంచాలెక్కాయని విని, క్లోవర్ అనే గుర్రం గోడ మీది ఆజ్ఞను చదవబోతుంది. విడి అక్షరాలైతే గుర్తుపడుతుంది, కూడబలుక్కోవడం రాదు. మ్యూరియల్ అనే మేక వచ్చి చదివిపెడుతుంది. ఎనిమిదో అధ్యాయంలో మళ్ళీ అదే అనుమానం. ఈసారి ముందు బెంజమిన్ అనే గాడిదను అడిగితే, ఇలాంటివాటిలో తలదూర్చనంటుంది. ఆ పేరా పక్కన పెన్సిల్‌తో 'చదువొచ్చి ఎందుకు చదవదు?' అని రాసుకుంటే చాలు, క్లాసులో పది నిమిషాల చర్చకి సరుకు దొరికినట్టే. పేజీ నంబరుతో సహా ప్రశ్న చేతిలో ఉంటుంది కాబట్టి, చర్చ వరకూ మార్జిన్‌దే పైచేయి. లైబ్రరీ పుస్తకమైతే చీటీలు అంటించుకోండి.

వ్యాసం దగ్గరికొచ్చేసరికి మార్జిన్ చేతులెత్తేస్తుంది. నాలుగు అధ్యాయాల్లో చెదిరి ఉన్నవి ఒక్కచోట కనబడవు మరి. నోట్‌బుక్‌లో ఒక పేజీకి 'ఎవరు చదువుతున్నారు?' అని పేరు పెట్టి చూడండి. 6: మ్యూరియల్. 8: బెంజమిన్ కాదంటే మళ్ళీ మ్యూరియలే. 9: బాక్సర్ అనే గుర్రాన్ని తీసుకుపోతున్న బండి మీది రాతను మ్యూరియల్ కూడబలుక్కోబోతే, బెంజమిన్ దాన్ని పక్కకి తోసి తనే చదువుతుంది. అది కబేళా బండి, అప్పటికే ఆలస్యమైపోయింది. 10: గోడ మీద మిగిలిన ఒకే ఒక్క ఆజ్ఞను కూడా బెంజమినే చదువుతుంది. ఈ నాలుగు లైన్లూ వరసగా కనబడగానే, తెలిసీ నోరు మెదపనివాళ్ళ గురించి ఒక వాదన దానంతటదే తయారవుతుంది. నోట్‌బుక్‌తో నాకున్న పేచీ ఒక్కటే. రంగు పెన్నులు, బోర్డర్లు, ముత్యాల్లాంటి అక్షరాలు అంటూ అలంకరణలో పడి, పుస్తకాన్ని ఎత్తిరాయడమే చదవడమనుకుంటాం.

పరీక్షకి మాత్రం నా ఓటు మూసిన పుస్తకానికే. అధ్యాయం అవగానే మూసేసి, తెల్లకాగితం మీద గుర్తున్నది రాయడం. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో దీన్ని పరీక్షించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే, పాఠాన్ని రెండోసారి చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత అడిగితే లెక్క తిరగబడింది: గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళకి 56 శాతం, మళ్ళీ చదివినవాళ్ళకి 42. ముందురోజు రాత్రి తిరగేసి 'అంతా వచ్చేసింది' అనుకోవడం ఎందుకు ముంచుతుందో ఇందులో కనబడుతుంది. అయితే వాళ్ళు వాడినవి చిన్న చిన్న వచన భాగాలు, నవలిక కాదు. పైగా మార్జిన్‌లో ఒక్క ప్రశ్న కూడా వేసుకోకుండా పుస్తకం మూస్తే గుర్తొచ్చేది కథ మాత్రమే. తెల్లకాగితం మీదికి బండి వస్తుంది, బాక్సర్ వస్తుంది, మేకను పక్కకి తోసిన గాడిద రాదు.

గైడ్ల సంగతి అడిగేవాళ్ళుంటారు. బెంజమిన్ నిరాశావాది అని గైడ్ ఒక్క మాటలో తేల్చేస్తుంది. 'రచయిత దాన్ని ఎలా చూపించాడు?' అని ప్రశ్నపత్రం అడిగినప్పుడు రాయాల్సింది ఆ నాలుగు లైన్లు. టైము ఒక్కదానికే ఉందంటే మూసిన పుస్తకాన్నే ఎంచుకోండి. రాస్తూ రాస్తూ ఎక్కడ ఆగిపోయారో ఆ పేజీ ఒక్కటే మళ్ళీ తెరవండి.