కెమెరా చూసే దిమ్మలా, ఉత్త చెక్క దిమ్మలా: ఏది మేలు?

సెలవులు దగ్గరపడితే చాలు, తార్నాకలోని మా అపార్ట్‌మెంట్ తల్లిదండ్రులు నన్ను ఒకటే అడుగుతారు: పిల్లలు బల్ల మీద పేర్చినదాన్ని ట్యాబ్ కెమెరా గుర్తించి ఆట నడిపే సెట్ కొనాలా, మామూలు చెక్క దిమ్మలు సరిపోతాయా? మా ఇంట్లో రెండూ ఉన్నాయి. ఏడేళ్ల మా అమ్మాయి ఏడాదిగా రెండింటితోనూ ఆడుతోంది.

ఓస్మో వంటి సెట్లలో ట్యాబ్ ముందువైపు కెమెరాకు చిన్న అద్దం తగిలిస్తారు. దాంతో కెమెరాకు ఎదుటి మనిషికి బదులు కిందనున్న బల్ల కనబడుతుంది. వెలుతురు చాలకపోయినా, తిరిగే ఫ్యాన్ రెక్కల నీడ బల్ల మీద పడినా మా సెట్ తడబడేది. బల్లను కిటికీ పక్కకు జరిపాక ఆ ఇబ్బంది చాలావరకు తీరింది.

అసలు తేల్చవలసింది వేరే ఉంది: పేర్చింది తప్పని బిడ్డకు చెప్పేదెవరు? ఏడు ముక్కలను కలిపి ఇచ్చిన బొమ్మ ఆకారం పేర్చే టాన్‌గ్రామ్ ఆటలో ముక్క సరైన చోట పడగానే మా సెట్ తెరపై వెలుగు చూపిస్తుంది. రెండు వారాలు తిరిగేసరికి మా అమ్మాయి ముక్కల వంక చూడడమే మానేసి, చూపు తెర మీద నిలిపి, వెలుగు వచ్చేదాకా పెద్ద త్రికోణాన్ని వేలితో జరుపుతూ పోయేది. అదే బొమ్మను కాగితంపై గీసి చెక్క ముక్కలు ఇచ్చినప్పుడు మాత్రం అంచును గీతకు ఆనించి చూసుకుంది. సమాంతర చతుర్భుజం ఎటు తిప్పినా కుదరకపోవడంతో చాలాసేపు పట్టుకుని కూర్చుని, చివరకు "నాన్నా, దీన్ని తిప్పితే కాదు, బోర్లించాలి" అంది. మాంటిస్సోరి బడుల్లో ఒకదానిపై ఒకటి పేర్చే గులాబీ రంగు ఘనాలదీ ఇదే పద్ధతి: 1 సెంటీమీటరు నుంచి 10 సెంటీమీటర్ల వరకు ఉండే ఆ పది ఘనాల్లో ఒక్కటి వరస తప్పినా, ఎవరూ చెప్పనక్కర లేకుండా బిడ్డ కంటికే తెలిసిపోతుంది.

ప్రోగ్రామింగ్ సంగతి వేరు. ‘నడువు’, ‘ఎగురు’ అనే ఆదేశాల దిమ్మలను వరసగా పేర్చినప్పుడు, ఆ వరసను ఎవరో ఒకరు నడిపి చూపిస్తేనే తప్పు ఎక్కడుందో బయటపడుతుంది గనుక, అక్కడ కెమెరా సెట్టుకే నా ఓటు.

తెలుగు అక్షరాలకు మాత్రం, ఇంగ్లీషు బిళ్లల మాదిరిగా పక్కపక్కన పేర్చే పద్ధతి చాలదు. గుడి తలమీద కూర్చుంటుంది, వత్తు కింద చేరుతుంది. దిమ్మలే లేని, తెర మీద వేలితో జరిపే యాప్‌ల గురించైతే ఇక్కడ చర్చే అనవసరం. చేతికి పనే ఉండదు.

ఆరేళ్లు దాటి, ప్రోగ్రామింగ్ మీద ఆసక్తి ఉన్న బిడ్డకైతే కెమెరా సెట్ కొనండి. నాలుగేళ్ల మా చిన్నవాడి కోసం మాత్రం నేను వడ్రంగి దగ్గర మిగిలిన టేకు ముక్కలు చిత్రిక పట్టించి, మూలలు గరుకు కాగితంతో నున్నగా రుద్దించి తెచ్చాను.