పిల్లలకు ఎండ పాఠం: ఫోనా, ప్లానెటోరియమా, మేడా?

ఐదేళ్ల పిల్లలకు సూర్యుడి గురించి చెప్పాలంటే హైదరాబాద్‌లో మనకు ఫోన్‌లో వీడియోలున్నాయి, నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటోరియం ఉంది, మన మేడా ఉంది. మూడూ మా పాపతో చూశాను. నా ఓటు మేడకే.

వీడియోతో పాట నోటికొస్తుంది. వేడి మాత్రం తెర మీంచి రాదు. ముసురు పట్టిన రోజుకి పర్వాలేదు.

ప్లానెటోరియం 1985 నుంచీ ఉంది. లైట్లు తీయగానే పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, చుక్కలు కనిపించాక వదిలింది. పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లాల్సిన చోటే, కానీ ఏడెనిమిదేళ్లు వచ్చాక. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడని, ఆ వెలుగు మన దాకా రావడానికి 8 నిమిషాలకు పైనే పడుతుందని చెబితే, అమ్మమ్మ ఊరే చాలా దూరం అనుకునే పిల్లకి ఏం అందుతుంది?

మేడ మీద అలా కాదు. మనం వెలుగునీ వేడినీ కలిపి ‘ఎండ’ అనేస్తాం. పిల్లలకు ఆ రెండూ వేరని తెలియాలి. ఫిబ్రవరిలో ఒక పొద్దున పాపని కళ్లు మూసుకోమని, రెండు చుట్లు తిప్పి, సూర్యుడు ఎటున్నాడో చెప్పమన్నాను. ముఖం అటూ ఇటూ తిప్పి, “ఈ బుగ్గ వెచ్చగా ఉంది” అని సరిగ్గా అటే చూపించింది. తర్వాత నీళ్ల ట్యాంకు నీడలో కూర్చోబెట్టి బొమ్మల పుస్తకం ఇచ్చాను. బొమ్మలు బాగానే కనిపిస్తున్నాయి, ఒంటికి మాత్రం చల్లగా ఉంది. ఎండలో ఆరేసిన నల్ల గుడ్డ, తెల్ల గుడ్డ తడిమి, నల్లదే ఎక్కువ వేడిగా ఉందని తనే చెప్పింది.

మన ఊళ్లో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం 12 దాటాక సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా ఉన్న డబ్బాకి ఆ కాసేపు నీడే పడదు. మేలో అయితే టోపీ, చెప్పులు ఉండాలి, ఐదు నిమిషాల్లో కిందికి దిగిపోవాలి. ఏ కాలంలోనైనా సూర్యుణ్ణి నేరుగా చూడనివ్వకండి, కూలింగ్ గ్లాసెస్ పెట్టినా సరే. మేడ లేనివాళ్లకు ఎండపొడ పడే బాల్కనీ చాలు.

ఆ రోజు చీకటి పడ్డాక పాప పిట్టగోడ ముట్టుకుని, “సూర్యుడు వెళ్లిపోయాడుగా అమ్మా, ఇదింకా ఎందుకు వెచ్చగా ఉంది?” అంది. పగలంతా దాచుకున్న వేడిని గోడ ఇప్పుడు మెల్లగా వదులుతోందని చెప్పాను. ఇద్దరం గోడకి వీపు ఆనించి కాసేపు అక్కడే కూర్చున్నాం.